చాక్లెట్టు మీద గీతలు

1955లో నేను ఛత్రినాకలో ఒక చిన్న దవాఖానాలో కాంపౌండర్‌ని. డాక్టర్ గారు చీటీ రాస్తే, కిటికీ వెనక నిలబడి మందు కలిపి ఇవ్వడం నా పని. రోగులు ఇంటి నుంచి ఖాళీ సీసాలు తెచ్చుకునేవారు. మిక్స్చర్, అంటే నీళ్ల మందు, అందులో పోసి, సీసా పక్కన గీతలు గీసిన కాగితం పట్టీ అతికించేవాణ్ణి. ఒక్కో గీత ఒక్కో డోస్. "పూటకొక గీత" అనేసి తర్వాతి మనిషిని పిలిచేవాణ్ణి.

ఉప్పుగూడలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే మల్లయ్య అలాగే వచ్చాడు. యాభై దాటిన మనిషి. కాళ్లు వాచాయి, నాలుగడుగులకే ఆయాసం. గుండె బలహీనపడిందని డాక్టర్ గారు డిజిటాలిస్ రాశారు. అది ఒక మొక్క ఆకు నుంచి తీసే మందు, గుండెను నిలకడగా కొట్టుకునేలా చేస్తుంది. రెండు వారాల్లో వాపు దిగింది, మల్లయ్య మళ్లీ పాలబిందె ఎత్తాడు. మూడోసారి సీసా నింపించుకుని వెళ్లినవాడు గడువు దాటినా రాలేదు.

ఒక పొద్దున ఆయన భార్య బాలమ్మ రిక్షాలో తీసుకొచ్చింది. మల్లయ్య పెదవులు నీలంగా ఉన్నాయి, మాట రావడం లేదు. డాక్టర్ గారు వెంటనే మెర్సలిల్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా బయటికి పంపే మందు అది. నేను బాలమ్మను పక్కకు పిలిచాను.

"మందు తాపుతున్నవా అమ్మా?"

"తాపుతున్నన్నా. పూటకొక్క గీత."

ఆమె తెచ్చిన సీసా చూస్తే మందు మూడో గీత దగ్గరే ఆగి ఉంది.

"గిదేంది? సీస నిండుగనే ఉన్నది గదా!"

"గది కాదన్నా, గిది." కొంగుముడి విప్పి వెండి కాగితం తీసింది. లోపల నల్లటి చాక్లెట్టు, సగం తిన్నది. "బేగంబజార్ల మేము పాలు పోసే సేటు అమ్మిండు. గుండె జబ్బుకు దొరలు గిదే తింటరట. రెండు చేదులు కలిస్తె ఒంటికి పడదు, సీసమందు బంజెయ్యమన్నడు. మీ సీసకు గీతలున్నయి, దీనికీ ఉన్నయి. మందు కాకుంటె గీతలెందుకుంటయన్నా?"

ముక్కలుగా విరుచుకోవడానికి చాక్లెట్టు మీద పోసిన అచ్చు గీతలవి. వాటి లెక్కన పూటకో ముక్క చొప్పున, ఆ తల్లి ఎంతో భక్తిగా మొగుడికి తినిపించింది. చాక్లెట్టు విషం కాదు. అది తిన్నందుకు కాదు, డిజిటాలిస్ ఆపినందుకు మల్లయ్య చావు దాకా వెళ్లాడు.

సాయంత్రానికి ఆయన ఊపిరి కుదుటపడింది. నా కోపం మాత్రం తగ్గలేదు. మర్నాడు తిన్నగా బేగంబజార్ వెళ్లాను. సేటు గద్దె మీద తీరిగ్గా కూర్చున్నాడు. పక్కన అవే చాక్లెట్టు బిళ్లలు, పాతబడి పైన తెల్లగా పొడి పట్టి ఉన్నాయి.

"మనిషి సావబోయిండు సేట్! గిది మందని ఎట్ల అమ్మినవ్?"

"అరే భాయ్, ఎందుకు లొల్లి? నేనేమన్న జహర్ ఇచ్చిన్నా? మిఠాయే గదా!"

"మరి మిఠాయి అనే అమ్మకపోయినవా?"

"గింత చేదు మిఠాయి ఎవడు కొంటడు భాయ్?" అని నవ్వాడు.

ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. రోజూ తన ఇంటికి పాలు పోసే మనిషి ప్రాణం వాడికి పాత సరుకు వదిలించుకునే దారి అయింది! చెడామడా తిట్టి వచ్చాను. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఇప్పుడు పత్రికల్లో చేదు చాక్లెట్టు గుండెకు మేలని రాస్తున్నారు. మేలైతే కావచ్చు, నేను కాదనను. నా ముందు ఎవరైనా ఆ మాటెత్తితే మాత్రం, "డాక్టర్ ఇచ్చిన మందు వేసుకుంటున్నారా?" అని అడగకుండా వదలను. ఆ అలవాటు సేటు వల్ల వచ్చింది కాదు.

వారం తర్వాత బాలమ్మ కడిగిన సీసా పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. మందు పోసి, పట్టీ అతికించి, ఈ మందు గుండెకు ఏం చేస్తుందో, వాపు దిగినా, ఎవరేం చెప్పినా ఎందుకు ఆపకూడదో మొదటిసారి వివరంగా చెప్పాను. ఆమె అంతా విని, సీసా కొంగులో చుట్టుకుని అంది:

"గీ ముక్క గప్పుడే చెప్పకపోతివి గదన్నా."