వైరు పీకేసిన రేపల్లె కంప్యూటర్

నా పిల్లల మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కల్పితం లేదు. నవ్వుకోవాలనిపిస్తే చివర్లో నవ్వుకోండి.

తొంభైల చివరి మాట. తెనాలిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేవాణ్ణి. బాపట్లలో, రేపల్లెలో మాకు బ్రాంచీలుండేవి. అక్కడి కంప్యూటర్లు ఫోను లైను మీద మా తెనాలి కంప్యూటర్‌కి కలిసేవి. అందులో పరీక్ష పేపర్లుండేవి కాబట్టి ఫైర్‌వాల్ పెట్టాను. అనుమతి లేనిది ఏదొచ్చినా అది ఆపేస్తుంది... ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో దాని నంబరుతో లాగ్‌లో, అంటే చిట్టాలో, ఒక లైను రాసిపెడుతుంది.

ఆ వర్షాకాలం లాగ్‌లో అలాంటి లైన్లు పడటం మొదలైంది. అన్నీ రేపల్లె కంప్యూటర్ నంబరువే. అన్నీ పరీక్ష పేపర్ల కోసమే. అన్నీ రాత్రిపూటే.

రేపల్లె బ్రాంచీ చూసేది రూతక్క. మా సార్ మండిపడ్డారు. "ఆవిడే! పేపర్లు అమ్ముకుందామని చూస్తోంది. రేపటికల్లా తేల్చు, లేదా ఆవిణ్ణి తీసేస్తా!" అక్క జీతం మీదే వాళ్ళ ఇల్లు నడిచేది.

సాయంత్రం రైలెక్కి రేపల్లె వెళ్ళాను. దిగేసరికి చీకటి, ఉరుములు. మా వైపు మబ్బు పట్టిందంటే ముందు ఫోను వైరు పీకేస్తాం, పిడుగు పడితే కంప్యూటర్‌ని ఫోను లైనుకి కలిపే మోడెం మాడిపోతుందని. అక్క అప్పటికే పీకేసింది.

"వానొస్తే రాత్రంతా ఇంతే తమ్ముడూ. ఇంక నేనెలా పంపుతానయ్యా?" అంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

కంప్యూటర్ కూడా ఆపేశాను. వైరు చుట్టి చేత్తో పట్టుకున్నాను. గదికి తాళం వేసి ఇద్దరం ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాం. తెనాలిలో నాతో పనిచేసే సురేష్ లాగ్ ముందు కూర్చున్నాడు, వాడికి ఫోన్ చేశాను. బాపట్ల కంప్యూటర్ కూడా ఆపించేశానన్నాడు.

రేకుల మీద వాన... టపటపా... ఫోన్లో గరగర...

"అన్నా..."

"ఏంటి?"

"పడింది."

"ఏ నంబరురా?"

"రేపల్లెదే అన్నా... ఇప్పుడే... అదిగో, ఇంకోటి... ఇక్కడ మన మోడెం లైటు కూడా వెలగట్లేదన్నా, ఏ ఫోనూ కలవలేదు..."

చేతిలో వైరు చూశాను. తడిసి, చల్లగా ఉంది. రోడ్డుకి అవతల తాళం... వేసినట్టే ఉంది. లోపల చీకటి. అక్క ఏడుస్తూనే నవ్వింది.

"ఇప్పుడైనా నమ్ముతారుగా తమ్ముడూ!" అంది.

సార్ నమ్మలేదు. ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారన్నారు. అక్కని తీసేశారు.

ఆ రోజు నుంచి... ఒక్క లైనూ పడలేదు.

అదే కంప్యూటర్ ముందు కొత్తమ్మాయి కూర్చుంది. వానలు తగ్గలేదు. లాగ్ మాత్రం ఖాళీ. మరి అంతకుముందు వచ్చిందేంటి? ఇంకెవరైనా ఆ నంబరు పెట్టుకుని ఆడుకున్నారా? అయితే ఏ ఫోను లైను మీద? అక్క వెళ్ళగానే ఎందుకు ఆగిపోయింది? ఒక్కోసారి... ఆవిడేనేమో అని కూడా అనిపిస్తుంది. కానీ ఆ రాత్రి వైరు నా చేతిలోనే ఉంది కదా! ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

చాన్నాళ్ళకి పొన్నూరు బస్సులో అక్క కనిపించింది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఇంకా వస్తున్నాయా తమ్ముడూ?"



"వస్తున్నాయక్కా" అన్నాను.

అక్క మొహం వెలిగిపోయింది. "మరి... నేను కాదుగా!" అంది.