అత్త నొక్కని బెల్లు

మా అన్న మా మేనత్తను ఒక్క మాటైనా అడగకుండా ఆమె మంచం పక్కన కరెంటు బెల్లు మీట బిగించాడు. ఆమె దాన్ని నొక్కలేదని, ఇక సొంత గదిలో ఒంటరిగా ఉండడానికి వీల్లేదన్నాడు. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఇప్పుడెందుకంటే, నిన్న ఊరి ఆ చివర మారతహళ్ళి నుంచి మా అమ్మాయి వచ్చి, తాడుకు కట్టిన మీట ఒకటి నా మెడలో వేసింది. కింద పడితే నొక్కాలట, తన ఫోను మోగుతుందట. తిరునాళ్ళ ఎద్దులా ఉన్నానని తీసి చొక్కాల మేకుకు తగిలించాను. అమ్మాయి మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. వేలాడుతున్న ఆ మీటను చూస్తుంటే నగర్తపేటలోని మా పాత ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది.

డెబ్బైల చివరి మాట. కింది రెండు భాగాల్లో అన్నవీ నావీ కాపురాలు. మిద్దె మీది ఒంటి గది అత్తది. భర్త పోయాక మా నాన్న ఇచ్చిన గది. సొంత పొయ్యి, సొంత తాళంచెవి, కిటికీలో పుదీనా పెంచే రేకు డబ్బా. సంగటి ఎప్పుడు కెలకాలో ఆమెకు ఎవరూ చెప్పకూడదు. అన్నది ఎలక్ట్రిక్ సామాన్ల అంగడి. లోకంలోని ప్రతి కష్టానికీ తన అంగట్లో ఒక స్విచ్చి ఉందని అతని నమ్మకం. నేనేమో బడి ముఖం ఎక్కువ చూడకుండా, పొట్లాల కాగితాలు చదివి పెరిగినవాణ్ణి. ఆ ఇంట్లో నా మాటకు వోల్టేజి తక్కువ. అత్తకు మోకాళ్ళు పట్టేయడం మొదలయ్యాక, ఆమె కూరగాయలకు వెళ్ళిన పూట చూసి, తలగడ దగ్గర మీట, కింద తన నడవలో బెల్లు బిగించేశాడు.

"ఆమెను అడిగినావా?" అన్నాను.

"అడిగేదేముందిరా, ఆమె మంచికే కదా!"

ఆ వానాకాలం ఒక పొద్దున అత్త మంచం దిగబోయి జారిపడింది. నా భార్య పెరుగు తోడుకోసం పైకి వెళ్ళేదాకా నేలమీదే ఉంది. మడమ వాచింది, అంతే, ఎముక విరగలేదు. మీట మాత్రం ఆమె చేతికందేంత దూరంలోనే వేలాడుతోంది. అది చూసి అన్న మండిపడ్డాడు.

"నొక్కేకి ఏమొచ్చింది నీకు? మేము చచ్చినామనుకుంటివా? ఆయ్తు, ఇంక చాలు, ఆదివారం నీ పెట్టె కిందికి దించేది. ఈ గదికి తాళమే!"

అత్త గోడ వైపు తిరిగిపోయింది. కింద ఆమెకు చూపించింది అన్న వంటింటి పక్కనున్న చీకటి కొట్టు.

ఆదివారం ఇద్దరు హమాలీలు వచ్చారు. నేను మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాను. "ముందు ఆమెను అడుగు," అన్నాను.

"జరగరా! మళ్ళీ పడి ప్రాణం పోతే నువ్వు జవాబు చెప్తావా?"

పైకెళ్ళి అత్త పక్కన కూర్చుని, ఎందుకు నొక్కలేదో ఇప్పుడైనా చెప్పమన్నాను. అన్న నా వెనకే వచ్చి గడపలో ఆగాడు.

"జరీ అంగడి వెనక గదిలోనే కదప్పా మేముండింది," అంది అత్త. "సావుకారు బెల్లు కొడితే మీ మామ చేతిలో ముద్ద తట్టలో ఏసి లేసేవాడు. చల్లారిపోయిన సంగటి ఎన్నితూర్లు పారబోసినానో. బెల్లు కొట్టి పిలిచేది పనోళ్ళను. మీరు నాకు పనోళ్ళా?"

ఆమే మళ్ళీ అంది: "మీట కింద పెట్టుకోండి, బెల్లు పైన పెట్టండి. పొద్దున, మాపున మీరు నొక్కండి. నేను రోకలితో నేల తట్టి పలుకుతా. పలక్కపోతే ఎక్కి రండి. బెల్లుకి లేసేది మా ఇంట్లో అలవాటే."

అన్న హమాలీలను పంపేశాడు.

ఎనభైలన్నీ మా ఇంట్లో ఆ బెల్లుతో, దానికి బదులు పలికే రోకలితోనే తెల్లవారాయి. అత్తనూ, అన్ననూ, ఆ మిద్దెనూ కాలం ఎవరినీ అడక్కుండానే తీసుకుపోయింది. హమాలీలను పంపేసిన ఆ ఆదివారం మధ్యాహ్నమే, పైన సుత్తి చప్పుడు విని నేను మెట్లెక్కాను. అన్న స్టూలు మీద నిలబడి ఉన్నాడు. ఊరుకోలేక, "ఈసారైనా అడిగినావా?" అన్నాను. అతను పెదాల మధ్యనున్న మరమేకులు చేతిలోకి తీసుకుని, నా వైపు తిరక్కుండానే అన్నాడు:

"అడిగినాను లేరా. తలగడ కాడ వద్దంట. పొయ్యి పక్కన పెట్టమనింది."