సున్నాతో భాగిస్తే

మా జూనియర్‌ను చూస్తే నాకు కడుపుమంట. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఇద్దరం తిరుపతిలో గణితంలో పరిశోధన చేసేవాళ్లం. నిరూపణలను మెట్టుమెట్టుగా కంప్యూటర్‌కు రాసిచ్చి, అది తప్పు లేదంటేనే చేర్చుకునే లైబ్రరీలు అప్పటికే ఇంటర్నెట్‌లో ఉండేవి. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, తమదీ పంపవచ్చు. చేర్చుకుంటే ఫైలు మీద మన పేరు ఉంటుంది. ఆ పేరు కోసం నేను పడి చచ్చేదాన్ని. ఊరినుంచి ఫోన్ చేసినప్పుడల్లా నాయనదీ అదే మాట: "నీ పేరు ఎప్పుడొస్తాదిమ్మా?"

మా ఇద్దరికీ గైడైన సార్ నాకు అప్పజెప్పిందేమిటి? అలాంటి రెండు లైబ్రరీలను పోల్చి, ఏ సిద్ధాంతం ఎందులో ఉందో పట్టిక రాయడం. జూనియర్‌కేమో రెండో లైబ్రరీలో కొత్త నిరూపణ రాసే పని. నాకంటే రెండేళ్లు చిన్నది, చిత్తూరు పిల్ల. దానికి నిరూపణ, నాకు పట్టిక! మొదటి లైబ్రరీకి నేను సొంతంగా పంపిన రెండు నిరూపణలూ "ఇది ఇప్పటికే ఉంది" అని తిరిగొచ్చాయి.

ఒక సోమవారం ఆమె వచ్చి నా చేతిలో లడ్డూ ముక్క పెట్టింది.

"చేర్చుకుంటామన్నారక్కా! నిన్న అలిపిరి నించి నడిచి కొండకు పోయొచ్చినా."

ప్రసాదం వద్దనలేం కదా. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాను.

శుక్రవారం సెమినార్‌లో ఆమె ఆ నిరూపణ వివరించాలి. ఈలోగా ఆ ఫైలును పేనుకు పెత్తనమిచ్చినట్టు గెలికాను. దొరికింది! a ని c తో, b ని c తో భాగించి కూడితే, a, b ల మొత్తాన్ని c తో భాగించినట్టేనని మొదట్లోనే రాసింది. c సున్నా కాకూడదన్న షరతే లేదు. కంప్యూటర్ ఎలా వదిలేసిందో మరి! నేను వాడే లైబ్రరీలో అది చూపించందే ఒక్క భాగహారం కూడా సాగదు.

సెమినార్‌లో ఆమె మాట పూర్తికాకముందే లేచాను. "సున్నాతో భాగించకూడదని బడిపిల్లలకు కూడా తెలుసే, నీకు తెలీదా?"

"ఈ లైబ్రరీలో సున్నాతో భాగిస్తే సున్నా అని పెట్టుకున్నారక్కా," అంది మెల్లగా. "ప్రతిసారీ షరతు రాసే పని తప్పుతాదని. సూడు, c సున్నా అయితే రెండు పక్కలా సున్నానే వస్తాది. లైబ్రరీ మొదటి పేజీలోనే రాసినారు."

సార్ నా వైపు తిరిగారు. "రెండింటినీ పోల్చింది నువ్వే కదమ్మా?"

నేనే. సిద్ధాంతాల పేర్లు చూసి పట్టిక నింపాను. భాగహారం అంటే అక్కడొకటి, ఇక్కడొకటి అని చూడనే లేదు.

కొన్నాళ్లకు ఆమె ఫైలు ఇంటర్నెట్‌లోకి వచ్చింది. బ్రౌజింగ్ సెంటర్‌లో తెరిచి చూశాను. పైన ఆమె పేరు. కింద ఒక గమనిక: సున్నా సంగతి అడిగి ఈ వివరణ రాయించినందుకు కృతజ్ఞతలు అని, నా పేరు. దాని మంచితనం మండిపోను! అయినా ప్రింటు తీయించుకున్నాను.

ఊరికి తీసుకెళ్లాను. నాయన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాడు గానీ అర్థం తెలీదు. నా పేరు మీద వేలు పెట్టి, "వచ్చినాదే!" అని మురిసిపోయాడు. ఆ వేలు నెమ్మదిగా పైకి జరిగింది.

"ఈ పేరు ఎవురిదిమ్మా?"

"నా జూనియర్‌ది నాయనా."

"పాపం, నీకు సాయం చేసినట్టుండాదే ఆ బిడ్డ."

"ఊ," అన్నాను.