గెడ్డ ఒడ్డున అమ్మని అడిగిన మాట

నా చిన్నప్పుడు ఒకరోజు మా అయ్య, ఊరి కింద పారే గెడ్డలో మునిగి కొత్త మనిషిగా పైకొస్తానని ఊళ్ళో అందరికీ చెప్పాడు. అయ్య కొత్త మనిషైపోతే పాత అయ్య ఏమవుతాడు? ఆ నీళ్ళలోనే ఉండిపోతాడా? ఎవర్నీ అడగలేక, మా మేకపిల్లని పట్టుకుని పెరట్లో ఏడ్చాను.

మాది ముంచింగిపుట్టు సంతకి ఒక పూట నడక దూరంలో, కొండ వాలు మీద చిన్న ఊరు. పోడు కొట్టుకుని చోళ్ళు, సామలు పండించుకునేవాళ్ళం. ఇంట్లో మా భాష మాకుండేది. సంతకెళితే తెలుగు. నా మనవలకి ఇప్పుడు తెలుగే బాగా వచ్చు గనక, అప్పటి మాటలన్నీ తెలుగులోనే చెబుతున్నాను. కొండల్లో దొరల మీద లేచిన పితూరీ అణిగిన కొత్తరోజులవి. తెల్లదొర కనిపిస్తే ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని తుప్పల్లోకి పరిగెత్తేవాళ్ళు.

అలాంటి రోజుల్లో మా ఊరికి ఎగువన ఒక దొర డేరా వేశాడు. చేతిలో తుపాకీ లేదు. చిన్న సుత్తి పట్టుకుని కొండంతా తిరిగి రాళ్ళు పగలగొట్టి, ముక్కని నాలికతో తడిచేసి ఎండకి తిప్పి చూసేవాడు. ఏ కొండ కింద ఏ లోహం ఉందో కనిపెట్టడం ఆయన ఉద్యోగమట. మేము రాళ్ళదొర అనేవాళ్ళం. ఆయనకి దారి చూపించడానికి, మూటలు మోయడానికి మా అయ్య కుదిరాడు. విశాఖపట్నం నుంచి వెంట వచ్చిన కిరస్తానీ బట్లరు ఆయనకి వంట చేసేవాడు, ఆయన మాట మాకు తెలుగులో చెప్పేవాడు.

ఆ దొరతో మాకు మొదటి నుంచీ దిగ్భ్రమే. ఊరి పెద్ద మర్యాదకి జీలుగు కల్లు అడ్డాకు దొన్నెలో పోసి ఇస్తే, రెండు చేతులూ జోడించి వద్దన్నాడు. చుట్ట ఇస్తే వద్దన్నాడు. ఆఖరికి బట్లరు తనకోసం కాచుకునే కాఫీ కూడా ముట్టడు. ఉత్త వేడినీళ్ళు తాగుతాడు. మా కొండల్లో కల్లు వద్దన్నవాడు జబ్బు మనిషన్నా అయి ఉండాలి, పగవాడన్నా అయి ఉండాలి. ఊరి పెద్ద ఆ దొన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అంతకు ముందు ఏడాదే మా తమ్ముడు చలిజ్వరంతో పోయాడు. ఇంకా సరిగ్గా మాటలు రాలేదు వాడికి. నన్ను చూస్తే రెండు చేతులూ చాచేవాడు. వాడు పోయాక సంతలో ఎవరో మా అయ్యతో, గుడిలో దేవుడి పేరున తల మీద నీళ్ళు పొయ్యకుండా పోయిన పిల్లలు దేవుడి వెలుగులోకి పోలేరు, చీకట్లో ఉంటారు అన్నారట. ఆ మాట మా అయ్య మనసులో ముల్లులా దిగబడింది. పొలంలో పని చేస్తూ చేస్తూ ఆగిపోయి, వాడికి చీకటంటే బయ్యం గదా, అనేవాడు.

ఒక వానరోజు మధ్యాహ్నం డేరా కింద అందరం ముడుచుకు కూర్చున్నాం. నేను అయ్య ఒళ్ళో ఉన్నాను. అయ్య బట్లరుని బతిమాలి దొరని ఆ సంగతి అడిగించాడు. దొర అంతా విన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. బట్లరు ముఖం ముడుచుకున్నాడు.

“నాను సెప్తన్నాను గానీ ఈ మాట నాది కాదు, మా గుడిలో ఇలాగనరు” అని మొదలుపెట్టాడు. “పసిగుంటల్కి పాపమే లేదంట. ఆళ్ళకి ముంచడాలూ అయ్యీ అక్కర్లేదంట. నీ గుంటడు దేవుడి దగ్గిరే ఉన్నాడంట. ఎనిమిదేళ్ళు నిండితేగానీ ఈళ్ళు ఎవుర్నీ ముంచరంట.”

మా అయ్య ఏడవడం ఆ రోజే మొదటిసారి చూశాను. పెద్దవాళ్ళు అలా ఏడుస్తారని నాకు తెలియదు. బిత్తరపోయి ఆయన ఒళ్ళోంచి దిగిపోయాను.

ఆ తర్వాత అయ్య రోజూ ఆ దేవుడి సంగతులు అడిగేవాడు. దొర చెప్పేవాడు, బట్లరు సణుగుతూ తెలుగు చేసేవాడు. తమని లోకం మార్మన్లు అంటుందట. దొర తాతలనాడు అమెరికాలో ఒక కుర్రవాడు, ఏ గుడి నిజమో తెలియక అడవిలోకి పోయి మోకాళ్ళ మీద కూర్చుని దేవుణ్ణే అడిగాడట. దేవుడూ ఆయన కొడుకూ ఇద్దరూ వెలుగులో దిగివచ్చి నిలబడ్డారట. దేవుడికి మనలాగే ఎముకలూ మాంసమూ ఉన్న ఒళ్ళుందని వాళ్ళ నమ్మకం. ఇది చెప్పేటప్పుడు బట్లరు చెవులు పట్టుకున్నాడు. ఆ కుర్రవాడు ఒక కొండలో పాతిపెట్టిన బంగారు రేకుల పుస్తకం తవ్వి తీశాడట. అది వినగానే మా ఊళ్ళో అందరికీ దొర రాళ్ళెందుకు పగలగొడుతున్నాడో తెలిసిపోయింది. ఇంకో పుస్తకం మా కొండలోనే ఉందనుకున్నారు.

వీళ్ళ తాతలు ఒక్కొక్కరు ముగ్గుర్నీ నలుగుర్నీ కట్టుకునేవాళ్ళు, ఇప్పుడు మానేశారట అని బట్లరు గుసగుసగా చెప్పాడు. మేమంతా నోళ్ళు నొక్కుకుంటామనుకున్నాడు పాపం. మా ఊరి పెద్దకే ఇద్దరు పెళ్ళాలు. మమ్మల్ని నిజంగా నివ్వెరపరిచింది వేరే మాట. మొగుడూ పెళ్ళాం పిల్లల్ని వాళ్ళ పెద్ద గుడిలో కలిపి ముడివేస్తే, ఆ ముడి చచ్చిపోయాక కూడా ఊడదట. అయ్య ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

చేరాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. నమ్మాలి. చేసిన తప్పులు ఒప్పుకుని విడిచిపెట్టాలి. కల్లు, సారా, చుట్ట, టీ, కాఫీ మానాలి. పండినదాంట్లో పదోవంతు దేవుడికి తీసిపెట్టాలి. అప్పుడు తెల్లబట్టలు కట్టించి, ఒళ్ళంతా మునిగేలా నీళ్ళలో ముంచి లేపుతారు. జుట్టు కొస తేలినా మళ్ళీ ముంచాల్సిందే. ఆ పైన తల మీద చేతులు పెట్టి, దేవుడి ఆత్మ తోడుండాలని అడుగుతారు. అయ్య ఆ వారమే చుట్ట పడేశాడు. ఊరి పండక్కి కల్లు ముట్టకపోతే బాబాయిలు ఆయనతో మాట్లాడడం మానేశారు.

ఇంత జరుగుతున్నా మా అమ్మ ఒక్క మాట అనలేదు. అమ్మ అప్పుడు నిండు కడుపుతో ఉంది. అంబలి కాచేది, కట్టెలు తెచ్చేది, అయ్య వంక చూసేది. దొర మా అయ్యని, నీ భార్యకి ఇష్టమేనా అని ముందే అడిగాడట. ఇష్టమేనని చెప్పాడు అయ్య. ఆయన అబద్ధమాడాడని నేననుకోను. తనకి ఇష్టమైతే అమ్మకీ ఇష్టమే అనుకున్నాడు. ఆ కాలంలో అందరూ అలాగే అనుకునేవారు.

దొర తమ పెద్దల సెలవు తెప్పించుకున్నాక ఒక పొద్దున్న ఊరంతా గెడ్డ దగ్గర చేరింది. బట్లరు బల్లగుడ్డలు చింపి ఇద్దరికీ తెల్లబట్టలు కుట్టాడు. దొరా అయ్యా నడుము లోతు నీళ్ళలోకి దిగారు. దొర అయ్య మణికట్టు పట్టుకుని కుడిచెయ్యి పైకెత్తాడు. ముంచి చంపేస్తాడనుకున్నాను. అమ్మ నా భుజాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె గోళ్ళు నా ఒంట్లోకి దిగుతున్నాయి. “అయ్యా!” అని ఒక్క కేక పెట్టాను.

దొర ఉలిక్కిపడి ఒడ్డుకేసి చూశాడు. నన్ను చూశాడు. తర్వాత నా వెనక ఉన్న అమ్మని చూశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఏం కనిపించిందో ఆ ముఖంలో, బట్లరుతో ఒక మాట అన్నాడు.

బట్లరు నోరు తెరుచుకుని, “ఆడదాన్ని అడగడమేటి దొరా ఇప్పుడు?” అని తెలుగులోనే అనేశాడు. దొర మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి గట్టిగా. బట్లరు మా అమ్మ వైపు తిరిగాడు.

“ఇదిగో అమ్మీ, నీ పెనిమిటిని ఈళ్ళ గుడిలో కలుపుకోడం నీకు ఇష్టమేనా అని దొర అడుగుతన్నాడు. నీ నోటితోనే సెప్పాలంట.”

ఊరంతా అమ్మ వైపు తిరిగింది. మా అమ్మని అంతవరకూ ఎవరూ ఏ సంగతీ అడగడం నేను వినలేదు. పెళ్ళికి అడగలేదు, పోడు ఎక్కడ కొట్టాలో అడగలేదు, ఆవుని అమ్మినప్పుడు అడగలేదు. దొర నీళ్ళలో అలాగే నిలబడ్డాడు. గెడ్డ నీళ్ళు చల్లన, అయ్య వణుకుతున్నాడు. అయినా ఎవరూ కదల్లేదు.

“ఒద్దు” అంది అమ్మ.

ఎవరో హవ్వ అన్నారు. అమ్మ ఆగలేదు. “నా గుంటడు తిరిగి నా కడుపులోకే వత్తాడని నాను సూత్తన్నాను. బియ్యపు గింజలు నీళ్ళలో ఏసి ఎవుడొచ్చాడో అడిగిననాడు అయ్య పక్కన కూకోపోతే, ఆ గుంటడు ఇదే మన ఇల్లని ఎలాగ ఆనమాలు కడతాడు? ఈయన ఆ దేవుడికాడికి పోతే ఆడు గుమ్మంలోంచి ఎనక్కెల్లిపోడా?”

మా కొండల్లో పోయినవాళ్ళు మళ్ళీ ఇంట్లోనే పుడతారని నమ్మకం. బిడ్డ పుట్టాక నీళ్ళలో గింజలు వదులుతూ ఒక్కో పేరూ పిలిస్తే, ఏ పేరుకి గింజ మునగకుండా నిలబడితే వాళ్ళే వచ్చినట్టు. అయ్య తమ్ముణ్ణి దేవుడి దగ్గర వెతుక్కుంటున్నాడు. అమ్మ కడుపులో వెతుక్కుంటోంది. ఒకే చాప మీద పడుకునే ఇద్దరూ ఆ మాట ఒకరికొకరు చెప్పుకోలేదు.

అయ్యకి కోపం తన్నుకొచ్చింది. “అది నా ఆడది. నాను సెప్తన్నాను గదా, ముంచీ దొరా!” అని అరిచాడు. దొర తల అడ్డంగా ఆడించి, ఎత్తిన చెయ్యి మెల్లగా దించేశాడు. ఇంట్లో ఒకరి మనసు విరిచి ఇంకొకర్ని చేర్చుకోవడం తమ పద్ధతి కాదన్నాడు. తడిబట్టలతో ఒడ్డెక్కి, మా అమ్మ ముందుకొచ్చి తల వంచి, ఈ మాట నేను ముందే నిన్ను అడగవలసింది, తప్పయిపోయింది అని చెప్పించాడు. తెల్లదొర కొండ ఆడమనిషికి తప్పయిందని చెప్పడం! బట్లరు ఆ మాట రెండుసార్లు తడబడితేగానీ చెప్పలేకపోయాడు. అమ్మ భయపడి నా వెనక్కి జరిగింది.

అయ్య మాత్రం ఆ తెల్లబట్టలతో చాలాసేపు నీళ్ళలోనే ఉండిపోయాడు. ఊరు వెళ్ళిపోయింది. ఎండ పైకొచ్చాక తనే ఒడ్డెక్కాడు. పాత అయ్యే పైకొచ్చాడని నాకు సంతోషం కలిగింది. ఆ ముఖం చూశాక సంతోషం పోయింది.

అయ్య చాలారోజులు అమ్మతో మాట్లాడలేదు. వానలు వెనకపట్టాక దొర డేరా ఎత్తేశాడు. పోయేముందు మా గుమ్మంలోకి వచ్చి, నీ బిడ్డ ఎక్కడున్నాడన్నది నువ్వు చేరడం మీద లేదు, నువ్వు చేరకపోయినా వాడు దేవుడి దగ్గరే అని అయ్యకి చెప్పాడు. ఇంకో మాటా అన్నాడు. పోయినవాళ్ళ పేరున బతికున్నవాళ్ళు నీళ్ళలో మునిగే పద్ధతి తమలో ఉందట. అయినా బలవంతం లేదు, ఆ లోకంలో ఉన్నవాళ్ళకి ఇష్టమైతేనే అది చెల్లుతుందట. పొయ్యి దగ్గర నుంచి అమ్మ ఫక్కున నవ్వింది. “సచ్చినాక కూడా అడుగుతారేటి!” అంది. చాలా రోజుల తర్వాత అయ్య కూడా కాస్త నవ్వాడు.

అమ్మకి ఆడపిల్ల పుట్టింది. గింజలు నీళ్ళలో వదిలిన రోజు అయ్య అమ్మ పక్కనే కూర్చున్నాడు. తమ్ముడి పేరుకి గింజ మునిగిపోయింది. ఎప్పుడో పోయిన మా నాయనమ్మ పేరుకి నిలబడింది. అమ్మ బిడ్డ ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అప్పుడు అయ్య చేసిన పని మా ఇంట్లో ఎవరూ ఎరగనిది. అమ్మ మోచెయ్యి తాకి, “ఈ గుంటకి ఏ పేరెడదామంటావు?” అని అడిగాడు. అమ్మ తను అనుకున్న పేరు చెప్పింది. అయ్య అదే పెట్టాడు.

నాకు పెళ్ళీడు వచ్చాక ఒక అబ్బాయి తరఫువాళ్ళు కల్లుకుండలు మోసుకొచ్చారు. మా దగ్గర ఆడపిల్ల తండ్రి దొన్నె అందుకుని తాగితే సంబంధం కుదిరినట్టే. అయ్య దొన్నె అందుకున్నాడు. తాగలేదు. అంతమంది పెద్దలు చూస్తుండగా నన్ను పిలిచి, నీకు ఇష్టమేనా అన్నాడు. అయ్య తొందరపెట్టలేదు. చెయ్యి నొప్పి పుడుతున్నా దొన్నె కింద పెట్టకుండా, నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి వద్దన్నాను. వాళ్ళు తిట్టుకుంటూ కుండలు ఎత్తుకుపోయారు. ఆ మాటకి అయ్య ఊళ్ళో తల వంచుకుని తిరిగాడు గానీ, నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత వచ్చిన వాళ్ళకి నేనే సరేనన్నాను.

మా అయ్య ఏ గుడిలోనూ చేరకుండానే పోయాడు. ఆ దొర నమ్మినవన్నీ నిజమో కాదో నాకు తెలియదు. నాకిప్పుడు పళ్ళు లేవు, చూపు ఆనదు. అయినా ఎవరైనా వచ్చి, మా ఇంట్లో అందరికీ ఇష్టమేనమ్మా అని చెబితే, నా కళ్ళు ఆ చెప్పేవాడి మీద నిలవవు. వాడి వెనక నిలబడి ఇంకా నోరు విప్పని మనిషి ఎవరా అని వెతుకుతాయి.