ఏ తీర్థం, పంతులుగారూ?

తీర్థం పోయడానికి సోమయాజులు ఉద్ధరిణె ఎత్తితే చాలు, చెయ్యి చాపినవాళ్లు ముందు ముక్కు చాపేవాళ్లు. తిరువూరు శివారు శివాలయంలో పూజలతోనే తల నెరిసిన మనిషి. మందు చుక్క ముట్టి ఎరగడు. కానీ కాళ్లూ చేతులూ సన్నబడి, పొట్ట మాత్రం కుండలా ఉబ్బుతుంటే జనానికి మరో కారణం తోచలేదు.

"మాకిచ్చే తీర్థం ఇది. మరి మీరింట్లో పుచ్చుకునేది ఏ తీర్థం, పంతులుగారూ?" అన్నాడు గుడి కమిటీ పెద్ద వీరరాఘవయ్య. అందరూ నవ్వారు. సోమయాజులు తలొంచుకుని తర్వాతి చేతిలో తీర్థం పోశాడు. ఆ వారమే "కొన్నాళ్లు రెస్టు తీసుకోండి" అంటూ ఆయన దగ్గర్నుంచి గుడి తాళాలు లాక్కున్నారు.

అనుమానం అంటుకుంటే ఇంటినీ వదలదు. భార్య కమలాంబ కూడా ఒకసారి ఆయన సంచి వెతికింది. విభూతి పొట్లం దొరికింది. సిగ్గుపడి, వైద్యం తానే మొదలుపెట్టింది. "ఒంటికి నీరు పట్టిందండీ, నీళ్లు తగ్గించండి" అంది. చారు లేదు, మజ్జిగ లేదు. పథ్యమంటే మన ఇళ్లలో ఇంకేముంటుంది? పాత చింతకాయ పచ్చడీ, అన్నం. నాలుక పిడచకట్టుకుపోయింది. పొట్ట ఇంకా బిగిసింది.

విజయవాడ బస్సెక్కక తప్పలేదు. డాక్టర్ హాసిని తొలి ప్రశ్నే "తాగుతారా?" సోమయాజులు లేవబోయాడు.

"కూర్చోండి బాబాయిగారూ, అందరినీ అడుగుతా. మీరు లేదంటే లేదనే రాసుకుంటా."

షుగరు, కొవ్వు కలిసి కాలేయాన్ని గట్టిపరిచాయని పరీక్షల్లో తేలింది. "పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద సిర ఒకటుంది. కాలేయం గట్టిపడితే, తూము పూడిన కాలవే అది. వెనక ఒత్తిడి పెరిగి, గట్టులోంచి ఊటలా నీరు పొట్టలోకి దిగుతుంది. పేగుల దగ్గరే రక్తం నిలిచిపోతే, చివరి పొలాలకి నీరందనట్టు మిగతా ఒంటికి చాలదు. కరువొచ్చిందనుకుని మూత్రపిండాలు ఉప్పునీ నీళ్లనీ దాచేస్తాయి. ఆ దాచిందీ పొట్టలోకే."

"అందుకేగా తల్లీ, నీళ్లు మాన్పించాను!" అంది పక్కనే ఉన్న కమలాంబ.

"మీరు మాన్పించాల్సింది ఉప్పండీ. ఏం పెడుతున్నారు?"

కమలాంబ పచ్చడి సంగతి చెప్పింది. చెబుతుండగానే ఆమెకే అర్థమై, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

కొంత నీరు సూదితో తీశారు. మాత్రలు, చప్పిడి తిండి. పొట్ట దిగింది. తాళాలు మాత్రం తిరిగి రాలేదు. "చూశారా, తాగుడు మానేసరికి ఎలా తగ్గిందో!" అంటున్నాడు వీరరాఘవయ్య.

తగ్గినా తప్పే, ఉబ్బినా తప్పే అయితే ఆ మనిషి ఎక్కడికి పోవాలి? పొట్ట ఉబ్బినవాళ్లు మీ వీధిలో ఉంటే తీర్పులు చెప్పకుండా ఆసుపత్రికి తోడు వెళ్లండి. ఆ గుడికి వెళ్లేవాళ్లు మాత్రం సోమయాజులు పని సోమయాజులుకి ఇమ్మని కమిటీని అడగండి. ఒక్కరడిగితే వినరు, పదిమందీ కలిసి వెళ్లండి.