నా కుడి మడమకు తగిలిన దిష్టి

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నా తల ఇంకా సరిగ్గా నెరవలేదు. కానీ మా వల్లూరు వైపు కాలం కాస్త తొందరగా నడిచింది. శనక్కాయలు పీకిన చేలల్లోనే సోలార్ పలకలు వరసగా పడుకుని ఎండ కాచుకుంటుంటే, నిన్నమొన్నటి సంగతి కూడా తాతల కాలం నాటిదిగా అనిపిస్తుంది. అలాంటి ఆ రోజుల్లో, మీసం వచ్చీరాకుండా ఉన్నప్పుడు, నేను సోలార్ పార్కులో పలకలు తుడిచే పనికి చేరాను. పలకలు తుడవడం గొప్ప సంగతేమీ కాదు, మా ఊళ్లో సగం మంది అదే పని. గొప్ప సంగతి ఏమిటంటే, చేరిన కొన్నాళ్లకే నేను బాస్కెట్‌బాల్ స్టార్‌నైపోయాను. (నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, ముందుముందు జాలిపడే పని ఉంది.)

ఉత్తరాది నుంచి వచ్చిన మా ఇంజనీరు సారుకు ఆ ఆటంటే ప్రాణం. ఆఫీసు పక్కన సిమెంటు నేల వేయించి, రెండు వైపులా ఇనుప కంబాలు పాతించి, వాటికి రింగులు తగిలించాడు. పార్కులో చుట్టుపక్కల ఊళ్ల పేర్లు పెట్టిన ఒక్కో బ్లాకుకు ఒక్కో టీము, చలికాలమంతా ఆదివారం ఆదివారం మ్యాచీలు. మా బ్లాకులో అందరికన్నా పొడుగు నేనే. చిన్నప్పటి నుంచి ఊళ్లో నా పేరు లైటుకంబం. పొడుగాటి కర్రకు కట్టిన బ్రష్షు పొద్దస్తమానం ఎత్తీ ఎత్తీ చేతులు సాగాయో ఏమో, బంతి నా చేతిలో నుంచి తిన్నగా రింగులోకి పోయేది. మొదటి రోజు మాత్రం బంతిని చంకన పెట్టుకుని, తోడేలు నోటి నుంచి గొర్రెపిల్లను కాపాడుకుంటున్నవాడిలా గ్రౌండంతా పరిగెత్తాను. ఆ ఆటలో బంతిని నేలకు కొడుతూ పోవాలని నాకెవరూ చెప్పలేదు మరి.

నేను వరసగా గెలిపిస్తూ ఉంటే సారు ఆటకని ఒక జత షూ కొనిచ్చాడు, ఒక మాట కూడా ఇచ్చాడు. ఈ సీజన్ కప్పు మన బ్లాకుకు వస్తే, నన్ను పలకల పని నుంచి తీసి ఇన్వర్టర్ రూముకు మారుస్తానన్నాడు. ఇన్వర్టర్ రూములో ఏసీ ఉంటుంది, మనుషుల కోసం కాదు, మిషన్ల కోసం. అయినా చల్లగాలికి మనిషీ మిషనూ తేడా తెలియదు కదా. ఎండాకాలంలో ఆ పలకల మధ్య, కింద భూమీ పైన అద్దమూ కలిసి వేయిస్తుంటే నిలబడినవాడికి ఆ మాట విలువ తెలుస్తుంది. నిద్రలో కూడా ఆ రూము తలుపే కనపడేది నాకు.

మా ఇంట్లో పెత్తనమంతా అవ్వది. ఆమె ప్రతి ఆదివారం గ్రౌండు పక్కన గొడుగు వేసుకుని కూర్చునేది. ఆట ఆమెకు అర్థమయ్యేది కాదు. ("అంత ఎగిరి బంతి దాంట్లో ఏస్తే, అది కింద నించి జారి పడిపోతాది. ఎవురప్పా ఈ చిల్లి బుట్ట కట్టినోడు?" అని ఒకసారి సారునే అడిగింది.) ఆమె చూసేది ఆటను కాదు, చుట్టూ ఉన్న జనాన్ని. ఇంటికి వచ్చాక నాకు దిష్టి తీస్తూ ఎవరెవరు ఎట్లా చూశారో అప్పజెప్పేది.

"బలసముద్రమోళ్లు నీ మొకం సూడల్యా రా. అందరి కండ్లూ నీ కాళ్ల మీదనే ఉండాయి. 'ఏం కాళ్లురా వానివి, జింక కాళ్లు' అన్యాడు ఒకడు. నా చెవులారా ఇన్యా."

"మంచి మాటే గదవ్వా."

"మంచి మాటకే తగుల్తాది దిష్టి. చెడ్డ మాటకు యాడ తగుల్తాది?"

సీజన్ నడిమధ్యకు వచ్చేసరికి నా కుడి మడమ పేచీ మొదలుపెట్టింది. ముందు చిన్నగా, ముల్లు విరిగినట్టు. తర్వాతి ఆదివారం ఇంకాస్త. ఆ పై ఆదివారం, ఎగిరి కిందికి దిగేసరికి ప్రాణం మడమలో నుంచి నడినెత్తికి పోయి మళ్లీ వచ్చింది. విచిత్రమేమంటే పనిలో నొప్పి లేదు. పొద్దంతా సేఫ్టీ షూ వేసుకుని పలకలు తుడిచినా, గొర్రెల వెంట చెప్పులతో తిరిగినా ఏమీ లేదు. ఆదివారం ఆడేటప్పుడే నొప్పి. ఇది విని మా టీములోని బావ (మా మేనత్త కొడుకు, అదే బ్లాకులో సెక్యూరిటీ) నన్ను ఎగాదిగా చూశాడు. సారు ఇంకా సూటిగా, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో అడిగేశాడు: "కాలు నొప్పా, మనసు నొప్పా?" ఎదుటి బ్లాకువాళ్లకు అమ్ముడుపోయానేమో అని ఆయన అనుమానం. ఆ మాటకు నాకు మడమ కన్నా ఎక్కువ నొప్పి పుట్టింది.

సరే, ఉన్నవాటిలో మంచివని ఆ ఆట షూలే తొడుక్కుని, కాలు చూపించుకోవడానికి బయలుదేరాను. తాలూకు ఆసుపత్రిలో డాక్టరమ్మ గుమ్మం ముందు షూ విడిచి లోపలికి పోయాను. ఆమె మడమ నొక్కింది, తట్టింది, ఫోటో తీయించింది, ఎముక రాయిలాగా ఉందంది. కట్టు కట్టే ముసలాయన ఇంటికి పోయాను. గడప బయట షూ విడిచాను. ఆయన నూనె రాసి, కాలు గిరగిరా తిప్పి, "నీ కాలికేం కాలేదు నాయనా, నా కాలు సూడు, అది కాలంటే" అని తన బాధ చెప్పుకున్నాడు. గుడికి పోయాను. అక్కడ షూ విడవడం గురించి వేరే చెప్పాలా? మర్యాద తెలిసిన ఇంట్లో పుట్టిన పాపానికి, నా కాలు చూసిన ఏ ఒక్కరూ నా షూ చూడలేదు. మా అవ్వ మాత్రం ప్రతిసారీ గుమ్మం దగ్గర కూర్చుని ఆ షూకు కాపలా కాసింది. పాపం, ఎంత ప్రేమో అనుకున్నాను.

ఫైనల్ బలసముద్రం బ్లాకుతో పడింది. కుంటుతూనే దిగాను. సగం ఆట అయ్యేసరికి స్కోరు ఇంచుమించు సమానం, నా కళ్లలో మాత్రం నీళ్లు. విరామంలో నేల మీద కూలబడి షూ పీకి అవతల పారేశాను. బావ దాన్ని తీసి, రాయి ఏదైనా ఉందేమోనని దులిపాడు. ఏమీ పడలేదు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. ఆ మనిషి మొహం మారిపోయింది.

"ఏంది బావా?"

"కుట్టు ఉండాది రా లోపల. గోనె సంచికి ఏస్తారే, ఆ కుట్టు."

వైర్లు కోసే చాకుతో లోపలి అట్ట ఎత్తాడు. ముందు ఒక రాగి రేకు, చుట్టగా చుట్టినది. తర్వాత ఒక గవ్వ. ఆఖరున తుప్పు పట్టిన ఇనుప ముక్క, కొస నా మడమ వైపే తిరిగి ఉంది. అవి సిమెంటు నేల మీద పడిన చప్పుడు నాకిప్పటికీ గుర్తే. ఎవరో మెల్లగా "చేతబడి" అన్నారు. అంతే. మావాళ్లు బలసముద్రంవాళ్ల మీదికి, బలసముద్రంవాళ్లు మావాళ్ల మీదికి. సారుకు ఆ మాట ఎవరో హిందీలో విడమరిచి చెప్పేసరికి ఆయన విజిల్ నోట్లోంచి జారి కింద పడింది. నేను మాత్రం, నా కాలు విరగాలని ఇంత పగ పట్టిన మనిషి ఎవరా అని ఒక్కొక్క మొహమూ వెతుక్కుంటున్నాను.

అప్పుడు గొడుగు మడిచి అవ్వ లేచింది. జనాన్ని తోసుకుంటూ నడిమధ్యకు వచ్చి, వంగి, ఆ మూడింటినీ కొంగులో వేసుకుంది.

"నేనే పెట్టినా. ఎంటికి అరుస్తాండారు?"

శత్రువు కోసం ఊరంతా వెతుకుతుంటే ఆమె మా ఇంట్లోనే, నాకు రోజూ ముద్ద కలిపి పెడుతూ ఉందన్నమాట.

"ఎందుకవ్వా?" అన్నాను.

"ముందు రేకు ఒగటే పెట్టినా. నీకు నొప్పి అన్యావు. దిష్టి పెద్దది అనుకోని గవ్వ పెట్టినా. ఇంగా నొప్పి అన్యావు. అప్పుడు మన మడక కర్రు ఇరిగిన ముక్క పెట్టినా. ఆ కర్రు మన చేను ఎన్నేండ్లు దున్నిందో నీకేం తెలుసు. ఇప్పుడు చేనూ ల్యాదు, మడకా ల్యాదు. ఆ ఇనుమన్నా నిన్ను కాపాడుతాదనుకున్యా."

నాకు కోపం రావాలి. రాలేదు. నేను కుంటిన ప్రతి అడుగుకూ ఆమె మందు పెంచుకుంటూ పోయింది, మందు పెరిగిన కొద్దీ నేను ఇంకా కుంటుతూ పోయాను. ఈ లెక్కలో ఆమె తప్పు ఎక్కడుందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. అవ్వ మాత్రం అక్కడే దబ్బనం కోసం రొండిన వెతుక్కుంటూ, వాటిని మళ్లీ కుడతానంది. వద్దని చేతులు జోడించాను. "తీసినావంటే నీ ఇష్టం" అని పోయి కూర్చుంది.

ఆట మళ్లీ మొదలైంది. మడమలో నొప్పి లేదు. ఆ హాయికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. మొదటి బంతి అందుకుని గాలిలోకి లేచాను, రింగులో వేశాను, కిందికి దిగాను. కోసిన అట్ట షూలో సర్రున జారింది, చీలమండ పక్కకు మడతపడింది. ఈసారి నిజమైన దెబ్బే. నలుగురు మోసుకుపోతుంటే గొడుగు కింద నుంచి అవ్వ గొంతు వినిపించింది: "నేను ఊరికినే చెప్పినానా?"

కప్పు బలసముద్రం పోయింది. ఇన్వర్టర్ రూము కూడా పోయిందనుకుని మంచంలో మొహం గోడకు తిప్పుకుని పడుకున్నాను. కానీ కట్టుతో పలకలు తుడవలేను కదా. సారు తిట్టుకుంటూనే, కాలు నయమయ్యేదాకా ఆ రూములో కూర్చుని మీటర్లు చూడమన్నాడు. చూస్తూ చూస్తూ ఆ పని నేర్చుకున్నాను. కాలు నయమైనా నన్ను అక్కడి నుంచి ఎవరూ లేపలేదు. ఈరోజుకూ అక్కడే ఉన్నాను. ఇదంతా కర్రు ముక్క మహిమే అని అవ్వ ఊరంతా చెప్పుకుంది. కాదని వాదించే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు అవ్వ లేదు. కంపెనీ కొత్త షూ ఇచ్చినప్పుడల్లా లోపలి అట్ట ఎత్తి చూస్తాను. ఏమీ ఉండదు. ఉండదని తెలిసి కూడా, ప్రతిసారీ మడమ దాకా చెయ్యి పెట్టి తడుముతాను.

మొన్న మా అక్క కూతురు స్కూలు పరుగు పందెంలో గెలిచి తాలూకు పోటీలకు ఎంపికైంది. ఊరంతా దాని కాళ్లనే చూస్తుంటే నాకు మనసు మనసులో లేదు. అవ్వ పెట్టె వెతికి కర్రు ముక్క తీశాను. చదువుకున్నవాణ్ణి, అనుభవం ఉన్నవాణ్ణి కాబట్టి షూ జోలికి పోలేదు. అవ్వ దబ్బనంతోనే దాని స్కూలు బ్యాగు అడుగున ఎవరికీ కనపడకుండా కుట్టేశాను. నాలుగు రోజులు పోయాక ఆ పిల్ల భుజం రుద్దుకుంటూ వచ్చింది.

"మామా, ఈడ ఒకటే నొప్పి. ఎంటికో తెలీదు."

నేను గోడకు తగిలించిన దాని బ్యాగు వైపు ఒకసారి చూశాను. తర్వాత దాన్ని దగ్గరకు తీసుకుని, సాక్షాత్తు మా అవ్వ గొంతుతో అన్నాను:

"దిష్టి తగిలుంటాదిలే, తల్లీ."