మబ్బుకు ఉప్పు

లక్సెట్టిపేట దగ్గర ఒక పల్లెలో నేను సైన్సు చెప్పిన రోజుల్లో, బడి వదిలాక నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. మాది హుజూరాబాద్. పెళ్లి కాలేదు. అద్దె గదిలో నేనే వండుకుని, మాడిందని నాలో నేనే సణుక్కుంటూ తినేవాణ్ణి. ఊళ్లోవాళ్లు మంచివాళ్లే. "సారు వస్తుండు" అని పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. ఆ గౌరవాన్ని ఏం చేసుకోను?

ఆ ఏడు వానాకాలంలో మబ్బులు మొహం చూపించి పోతున్నాయి. చెలకల్లో వేసిన జొన్న ఎండిపోతోంది. బడిలో మేఘాల పాఠం వచ్చింది. గాలిలో రేణువులు లేకపోతే నీటి ఆవిరి అంత తేలిగ్గా చుక్క కట్టదనీ, రేణువుల్లోనూ తేడాలున్నాయనీ చెప్పాను. ఒక పళ్లెంలో దొడ్డుప్పు, ఇంకో పళ్లెంలో కందిలి దీపం గాజుకు పట్టిన మసి పోసి కిటికీలో ఉంచాను. తెల్లారేసరికి ఉప్పు చెమ్మగిల్లింది, మసి పొడిగానే ఉంది. ఉప్పు నీటిని దగ్గరికి తీస్తుంది, మసికి నీరంటే గిట్టదు అన్నాను. సముద్రం మీంచి ఎగిరిన ఉప్పు రేణువుల మీద కూడా మబ్బులో చుక్కలు కడతాయన్నాను. పిల్లలు ఇంటికి పోయి చెప్పారు.

ఆ సాయంత్రమే నా అరుగు మీద నలుగురు రైతులు కూర్చున్నారు. మర్నాడు అరుగు చాల్లేదు. మంటలో ఉప్పు పోస్తే పొగతో పాటు మబ్బులోకి పోతుంది, వాన పడుతుందని వాళ్ల ఆలోచన.

"తుమ్మకట్టె మంచిదా సారూ, మోదుగు కట్టెనా?" అని ఒకరు.

"గాలి ఎటు దిక్కు ఉన్నప్పుడు ముట్టియ్యాలె?" అని ఇంకొకరు.

మాటల్లో పడి నా పెళ్లి సంగతి అడిగారు. నా వంట చూసి పడీ పడీ నవ్వారు. ఒకాయన ఇంటికి పోయి జొన్నరొట్టె, మిరపకారం తెచ్చిపెట్టాడు. మంటతో వాన రాదని నాకు తెలుసు. రేపు చెబుదాంలే అనుకుని ఆ రొట్టె తిన్నాను. ఎంత రుచిగా ఉందో!

మూడోనాడు ఒక ముసలవ్వ కొంగున మూట కట్టుకుని వచ్చింది.

"ఇగో సారూ, మా ఇంట్ల ఉప్పు గింతే ఉన్నది. కూర సప్పగ తింట తియ్యి, వాన వస్తె సాలు."

ఇంక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. మన పొగ మబ్బుదాకా చేరదనీ, చేరినా ఈ కాస్త ఉప్పుతో ఏమీ కాదనీ చెప్పేశాను.

రొట్టె పెట్టినాయనే అడిగాడు. "మరి పోరగాండ్లకు గట్లెందుకు చెప్పినవ్ సారూ?"

చెప్పింది నిజమే, మీరనుకున్నది వేరు అన్నాను. అవ్వ మూట తీసుకుని లేచింది. వెనకాలే అందరూ లేచారు.

నాతో చెప్పకుండానే చెలకల్లో మంట వేసుకున్నారు. వారం తిరక్కుండా వాన దంచి కొట్టింది. ఉప్పు వల్ల కాదని చెబుదామన్నా వినేవాళ్లు లేరు. వాన వెలిశాక డప్పులతో ఇల్లిల్లూ తిరిగి బెల్లం పంచారు. నేనూ వాకిట్లో నిలబడ్డాను. డప్పు పక్కింటి ముందు ఆగి, నా ఇల్లు దాటి, అవతలి ఇంటి ముందు మోగింది.

నిజం చెప్పినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. కాని ఆ పూట ఎవరైనా వచ్చి నన్ను తిట్టిపోసినా బాగుండేది. కూర్చోబెట్టి చాయ్ పోసేవాణ్ణి.